మొదట తీసిన ఫొటోలు

కాలవల ఆఫీసు నుంచి వచ్చిన మెమోని బంట్రోతు చిట్టియ్య గుమ్మంలో నిలబడే చదివి వినిపించాడు. లోపల మంచం మీద ఏసుపాదం మోకాలి దాకానే మిగిలిన కుడికాలు చాపుకుని కూచున్నాడు. తబిత పాత కట్టు విప్పుతోంది. "డ్యూటీలో ఉండగా మద్యం సేవించి, సైకిలు మీద రోడ్డు మధ్యకు వచ్చి, ఎదురుగా వస్తున్న కారు కింద పడి..." అనే చోట చిట్టియ్య గొంతు తగ్గించి, తర్వాతదంతా గబగబా చదివేశాడు. పోలీసు రిపోర్టూ, దానికి జత చేసిన ఫొటోలూ ఈ సంగతిని రుజువు చేస్తున్నాయట. లస్కరు ఉద్యోగంలోంచి ఎందుకు తీసెయ్యకూడదో వచ్చే గురువారం నిడదవోలు వచ్చి చెప్పుకోవాలట.

"నా మీద ఏమీ పెట్టుకోకండి ఏసుపాదంగారూ. ఇచ్చి రమ్మన్నారు, ఇచ్చాను," అన్నాడు చిట్టియ్య.

ఏసుపాదం సంతకం పెట్టి కాగితం మడిచాడు. లస్కరుగా కాలవ లాకుల దగ్గర పడవల కోసం తలుపులెత్తిన రోజుల నుంచి, పడవలు పోయి ఒట్టి నీళ్ల కోసమే తలుపులెత్తే ఈ రోజుల దాకా అతను కల్లు పాక గడప తొక్కి ఎరగడు. ఆ సంగతి చిట్టియ్యకీ తెలుసు. అందుకే తలెత్తకుండా సైకిలెక్కి వెళ్లిపోయాడు.

తబిత గోరువెచ్చటి నీళ్లలో దూది ముంచి, కుట్ల వెంబడి అంటీ అంటకుండా తుడిచింది. పౌడరు చల్లింది. కొత్త గుడ్డని మరీ బిగించకుండా, మరీ వదులు చెయ్యకుండా చుట్టుకుంటూ వచ్చి ముడి వేసింది.

"ఎదురుగా వస్తున్న కారంట," అంది. "వెనకనుంచి వచ్చి గుద్దినవాడు ఎదురుగా ఎప్పుడొచ్చాడు?"

"వదిలెయ్ తబితా."

"ఏది వదలమంటారు? కాలు పోయింది. ఇప్పుడు పేరు కూడా వదిలెయ్యాలా?"

ఏసుపాదం గోడవైపు తిరిగిపోయాడు. యాక్సిడెంటు మాట వచ్చినప్పుడల్లా అతను గోడవైపే తిరుగుతున్నాడు. దెబ్బ తగిలాక మనిషి పిరికివాడైపోయాడని తబిత అనుకునేది.

కారు శ్రీనివాసరాజుది. రొయ్యల చెరువులూ రైసు మిల్లూ ఉన్న మనిషి. ఆ సాయంత్రం తనే నడుపుకుంటూ వస్తున్నాడు. ఆసుపత్రికి ఒకసారి పళ్లబుట్టతో వచ్చి, మంచం పక్కన నిలబడి, "కొంచెం చూసుకుని రావాల్సిందయ్యా," అన్నాడు. అతను వెళ్లాక తబిత ఆ బుట్ట తీసుకెళ్లి గేటు బయట ఆవుల ముందు బోర్లించింది. పళ్లు పారబోసింది గాని ఆ మాట పారబొయ్యలేకపోయింది. పొద్దున్నే కళ్లు తెరిస్తే ముందు అదే గుర్తొచ్చేది. లేసు అల్లుతున్నప్పుడు సూది వేలికి గుచ్చుకుంటే, శ్రీనివాసరాజు బోనులో చేతులు కట్టుకుని నిలబడ్డట్టు ఊహించుకునేది. అప్పుడు నొప్పి తెలిసేది కాదు. ఆదివారం చర్చిలో పరలోక ప్రార్థన చెబుతూ, క్షమించడం గురించి వచ్చే చోట నోరు మూసుకుని, అది దాటాక మళ్లీ అందరితో గొంతు కలిపేది.

*

పెనుగొండ బజారులో పాపాయి ఫొటో స్టూడియో ఉంది. అమ్మవారి గుడికి వచ్చిన కొత్త దంపతులు అక్కడ కొండలూ జలపాతమూ వేసిన తెర ముందు నిలబడి ఫొటో తీయించుకుంటారు. చుట్టుపక్కల యాక్సిడెంటు ఎక్కడ జరిగినా పోలీసులు పిలిచేది కూడా పాపాయినే. నడివయసు మనిషి. మెడ మీద కెమెరా పట్టీ ఒరిసిన నల్లటి గీత ఉంటుంది.

తబిత అడగ్గానే పోలీసులకిచ్చిన ఫొటోల కాపీలు తీసి బల్ల మీద పెట్టాడు. రోడ్డు మధ్యలో సైకిలు అడ్డంగా పడి ఉంది. హ్యాండిలు పక్కన సీసా. కాస్త దూరంలో తెల్ల కారు, దాని పక్కన కానిస్టేబులు.

"ఇందులో మా ఆయన లేరు," అంది తబిత.

"అప్పటికే ఆసుపత్రికి తీసుకెళ్లిపోయారమ్మా. పోలీసులు కబురుపెడితే వచ్చి తీశాను."

"ఆయన్ని ఆటోలోకి ఎక్కిస్తుంటే మీ స్కూటరు కాలవగట్టు మీదే ఉందని ఆటో అప్పారావు చెప్పాడండి. అప్పటికి పోలీసులు ఇంకా రాలేదంట."

పాపాయి అద్దాల బీరువా తలుపు ఊరికే తెరిచి ఊరికే మూశాడు. "వాడు ఎవర్ని చూసి ఎవరనుకున్నాడో."

"ముందు తీసిన ఫొటోలు కావాలండి."

"లేవమ్మా."

"లేకపోతే లేవు. కూచుంటాను."

గుమ్మం దగ్గర గోడ వారగా ఉన్న బల్ల మీద కూచుని, సంచిలోంచి దారపుండా, సూదీ తీసింది. ఒక పువ్వు రేకు చుట్టూ ఇంకో రేకు అల్లుకుంటూ పోయింది. ఎవరో పెళ్లిచూపుల ఫొటో కోసం కూతుర్ని తీసుకొచ్చారు. తల్లి పక్కన కూచుని, "మీరు కూడా ఫొటోకేనా అమ్మా?" అని పలకరించింది.

"నాది కాదండి. మా ఆయన కాలు పోయిన రోజున వీరు ఫొటోలు తీశారు. అవి ఇస్తారని కూచున్నాను," అంది తబిత మెల్లగా.

ఆవిడ పాపాయి వైపు చూసింది. పాపాయి లైటు సరిచేస్తున్నట్టు మొహం తిప్పుకున్నాడు.

సాయంత్రం దాకా వచ్చినవాళ్లందరికీ తబిత అదే మాట, అదే గొంతుతో చెప్పింది. మర్నాడూ వచ్చింది. ఆదివారం చర్చి అవగానే తిన్నగా అక్కడికే వచ్చింది. సోమవారం పాపాయి భార్య మజ్జిగ తెచ్చిపెట్టి, మాట్లాడకుండా లోపలికి వెళ్లి, మొగుడితో ఏదో గట్టిగా అంది.

తమ్ముడు రమేష్ బాబు ఆ రోజే వచ్చాడు. శ్రీనివాసరాజు చెరువుల మీద సూపర్‌వైజరు అతను. మోటారు సైకిలు ఆపి, దిగకుండానే, "ఇంటికి పద అక్కా," అన్నాడు.

"ఎందుకు?"

"కొట్టు ముందు ఇలా కూచుంటే నలుగురూ నవ్వుతున్నారు."

"ఎవరూ నవ్వట్లేదురా. చూడు."

నిజంగానే ఎవరూ నవ్వటం లేదు. రమేష్ బాబు బండి దిగి వచ్చి ఆమె ముందు గొంతుక్కూచున్నాడు. మొహం పీక్కుపోయి ఉంది. బావకి దెబ్బ తగిలిన దగ్గర్నుంచీ వీడూ నిద్రపోవటం లేదని తబితకి జాలేసింది. కబురు తెలిసి వచ్చానంటూ ఆసుపత్రిలో చేర్చిందీ, రాత్రిళ్లు కాపలా పడుకున్నదీ వాడే. ఇప్పుడైనా బావని వీపు మీద వేసుకుని పెరట్లోకి తీసుకెళ్లేది వాడే.

"రాజుగారితో మాట్లాడాను. మంచి చోట కొత్త కాలు పెట్టిస్తామన్నారు. నువ్వు ఈ గొడవ పెట్టుకోకపోతే."

"మెమోలో తాగుబోతని రాసిందే, దానికేం పెట్టిస్తారంట?"

రమేష్ బాబు లేచి, ఒక్కసారి కొట్టు లోపలికి చూశాడు. పాపాయి కూడా అతన్ని చూశాడు. ఇద్దరూ ఒకేసారి చూపు తప్పించుకున్నారు. ఇద్దరికీ రాజుగారి భయమే అనుకుంది తబిత.

*

మంగళవారం సాయంత్రం ఇంకా వెలుతురుండగానే పాపాయి తలుపు రేకు సగం దించాడు.

"ఈ కొట్టు రాజుగారిది. ముందు తీసినవి కాల్చెయ్యమన్నారు. కాల్చేశానని చెప్పాను," అన్నాడు నేల చూస్తూ. "పెళ్లి ఫొటోలు తీసి వస్తుంటే కనపడిందమ్మా. బళ్లు కదిపేశాక తీస్తే పోలీసులు తిడతారని చప్పున దిగి తీశాను. అంతే. లోపలికి రండి. మీ ముందే కడుగుతాను. రేపు నేనేదో మార్చానని ఎవరూ అనకూడదు."

చీకటిగదిలో ఎర్ర బల్బు వెలుగుతోంది. పుల్లటి మందు వాసన. పాపాయి నెగటివు బిగించి, కాగితం మీద కాసేపు వెలుతురు పడనిచ్చి, ఆ తెల్లకాగితాన్ని తొట్టిలో ముంచి అంచు పట్టుకుని అటూ ఇటూ ఊపాడు.

మొదటి దాంట్లో కారు వచ్చింది. డ్రైవరు వైపు తలుపు తెరిచి శ్రీనివాసరాజు కాలు కింద పెడుతున్నాడు. సైకిలు రోడ్డు మధ్యలో లేదు. కాలవ వైపు గడ్డిలో, వెనక చక్రం నలిగిపోయి ఉంది. పక్కనే ఏసుపాదం. తబిత గట్టిగా ఊపిరి పీల్చింది. ఇది చాలు. వెనక చక్రం చాలు. ఆ మనిషి ఏ మొహం పెట్టుకుని ఆఫీసుకొస్తాడో చూస్తాను అనుకుంది.

"ఇంకోటుందమ్మా," అన్నాడు పాపాయి. ఆగాడు. "చూడాలంటారా?"

"కడగండి."

రెండో కాగితం మీద ముందు సైకిలే నల్లబడింది. దాన్ని ఎవరో గడ్డిలోంచి రోడ్డు మీదకి ఈడుస్తున్నారు. రెండో చేతిలో మెడ పట్టుకున్న సీసా. వెనక శ్రీనివాసరాజు వేలు చూపిస్తున్నాడు. ఫ్లాషు వెలుగులో ఈడుస్తున్నవాడు తలెత్తి సూటిగా ఇటే చూశాడు. కళ్లూ ముక్కూ తేలకముందే, ఆ తల ఎత్తడంలోనే తబితకి తెలిసిపోయింది. చిన్నప్పుడు తప్పు చేసి దొరికితే వాడలాగే తలెత్తేవాడు.

రమేష్ బాబు.

పాపాయి కాగితాన్ని ఇంకో తొట్టిలోకి మార్చాడు. తబిత ఒంగి చూసింది. గడ్డిలో పడున్న ఏసుపాదం కళ్లు మూసుకుని లేడు. కళ్లు తెరిచి బావమరిదినే చూస్తున్నాడు.

*

ఇంటికొచ్చి, దీపం పెట్టి, తడి ఆరిన ఫొటో అతని ఒళ్లో పెట్టింది. ఏసుపాదం చాలాసేపు చూశాడు. ఈసారి గోడవైపు తిరగలేదు.

"మీకు తెలుసు," అంది తబిత.

"తెలుసు."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే నీకు తమ్ముడుండడు."

"ఇప్పుడున్నాడా?"

ఏసుపాదం ఫొటో పక్కన పెట్టాడు. "నా చొక్కా మీద మందు పోసింది కూడా వాడే. పోస్తూ ఏడ్చాడు తబితా."

ఆసుపత్రిలో ఆ చొక్కా ఉతికినప్పుడు వచ్చిన వాసన స్పిరిట్ వాసన అనుకుంది తబిత. రెండుసార్లు సబ్బు పెట్టి ఉతికింది. ఆ వాసన ఇప్పుడు మళ్లీ ముక్కుకి తగిలింది.

"ఏడిస్తే?" అంది. "ఏడుస్తూ పోస్తే మందు కాకుండా పోద్దా?"

"మొదటి ఫొటో ఒక్కటే పట్టుకెళ్లు. అది చాలు. ఉద్యోగం నిలబడుతుంది."

"చాలదు. ఆ మనిషి బ్రేకు పడలేదంటాడు. చీకటంటాడు. సైకిలు పోలీసులే జరిపారంటాడు. బావుంటాడు. నాకు ఆ మనిషి బావుండకూడదు."

ఏసుపాదం ఆమె మొహంలోకి చూశాడు. ఇన్నేళ్లలో ఆ మొహం అలా చూసి ఉండడు. "నా మాటగా ఒక్కటి చెయ్యి," అన్నాడు. "వాణ్ణి తిట్టకు."

"తిట్టను."

బుధవారం పొద్దున్నే రమేష్ బాబు ఎప్పటిలాగే వచ్చాడు. మంచం అంచున ఒంగి, "పట్టుకో బావా," అని ఏసుపాదం చేతులు తన మెడ చుట్టూ వేసుకుని లేచాడు. తబిత పొయ్యి దగ్గర నుంచి ఆ చేతుల్నే చూసింది. సైకిలు ఈడ్చిన చెయ్యి ఏసుపాదం తొడ కింద పట్టుకుంది. సీసా పట్టుకున్న చెయ్యి ఆ కట్టుకి గోడ తగలకుండా అడ్డం పెట్టింది. ఎంత జాగ్రత్తగా పట్టుకున్నాడో చూసేకొద్దీ ఆమెకి అంత మండింది. నిర్లక్ష్యంగా పట్టుకుని ఉంటే ఇంత మండేది కాదేమో.

"రేపు నిడదవోలు రా," అంది టీ గ్లాసు అందిస్తూ. "ఆసుపత్రిలో చేర్చింది నువ్వే గదా. సాక్ష్యం కావాలంట."

"అంతేనా?"

"అంతే."

అతను తేలిగ్గా ఊపిరి వదిలాడు. టీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి వెళ్లాడు.

*

విచారణకి కూచున్న కాలవల ఇంజినీరు డి.ఇ. గారు పెద్దమనిషి. కళ్లజోడు నుదుటి మీదకి నెట్టుకుని ఫైలు చదువుతున్నాడు. గుమాస్తా పక్కన కూచుని రాసుకుంటున్నాడు. శ్రీనివాసరాజు తెల్లబట్టల్లో సాక్షిగా వచ్చి, ఎవరూ చెప్పకముందే కుర్చీలో కూచున్నాడు. రమేష్ బాబు అతనికి వెనగ్గా, తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మంచం దిగలేని భర్త తరఫున వచ్చానని తబిత చెప్పింది.

"నాకేం కోపం లేదండి," అన్నాడు శ్రీనివాసరాజు. "మన వైపు మనిషే. ఎదురుగా తూలుకుంటూ వచ్చి పడ్డాడు. దగ్గరికెళ్తే గుప్పుమని వాసన. పాపం, మీరు దయచూపిస్తానంటే నేను కాదనను."

దయ అనే మాట విన్నప్పుడు తబిత సంచిలో చెయ్యి పెట్టింది. పోలీసుల ఫొటో పక్కన మొదటి ఫొటో పెట్టింది. డి.ఇ. గారు కళ్లజోడు కిందకి దించి రెంటినీ దగ్గరగా చూశాడు.

"ఇది ఎప్పుడు తీసింది?"

"ముందు తీసిందండి. పాపాయిగారు బయట కూచున్నారు. నెగటివు తెచ్చారు."

శ్రీనివాసరాజు మొహం మారలేదు. తలుపు దగ్గర రమేష్ బాబు చేతులు మాత్రం ఊడి పక్కలకి వేలాడాయి. తబిత రెండో ఫొటో తీసి, బల్ల చివర బోర్లా పెట్టింది.

"ఇలా రారా," అంది.

అతను వచ్చాడు.

"తిప్పు."

"అక్కా..."

"నువ్వే తిప్పు."

రమేష్ బాబు వేళ్లు ఫొటో అంచు మీద రెండుసార్లు జారాయి. తిప్పాడు. తనని తాను చూసుకున్నాడు. డి.ఇ. గారు చెయ్యి చాచి దాన్ని లాక్కుని, ఫొటోలో మనిషినీ ఎదుట నిలబడ్డ మనిషినీ పోల్చుకున్నాడు.

శ్రీనివాసరాజు కాస్త ముందుకి ఒంగి చూసి, వెనక్కి వాలాడు. గొంతు పెంచలేదు. "చూశారా అండి, వీడు చేసిన పని. నేను దిగి వచ్చేసరికే లాగేస్తున్నాడు. బావ మీద ఏం కక్ష పెట్టుకున్నాడో, వాళ్ల ఇంటి సంగతులు మనకేం తెలుస్తాయి?"

"మీరు వేలు చూపిస్తున్నారు గదండీ ఇక్కడ?" అన్నాడు డి.ఇ. గారు.

"వద్దురా అంటున్నానండి."

గుమాస్తా కలం ఆగింది. తబిత శ్రీనివాసరాజు వైపు చూడలేదు. తమ్ముడి మొహమే చూస్తోంది. ఆమె ఎదురుచూసింది ఆ మాట కోసమే. ఆ మనిషి సమయం వస్తే తన మనిషిని కిందకి తోసి పైకి లేస్తాడని తెలిసే, ఫొటో తమ్ముడి చేత తిప్పించింది. కింద పడ్డవాడు ఏం చేస్తాడన్నదే ఆమెకి తెలియంది.

"వద్దురా అన్నారా అండి?" అన్నాడు రమేష్ బాబు.

శ్రీనివాసరాజు గడియారం చూసుకున్నాడు.

"సీసా ఎక్కడిదండి అది? మీ సీటు కిందది. దారిలో సగం తాగింది మీరు, పక్క సీట్లో కూచుని చూశాను. 'మీ బావే గదరా, నువ్వు జరిపితే ఎవడూ అనుమానపడడు, చొక్కా మీద కూడా కాస్త పొయ్యి' అన్నారు. వద్దన్నది నేనండి. బతికున్నాడండి, కళ్లు తెరిచి చూస్తున్నాడండి అన్నాను. 'చెరువుల మీద రేపట్నుంచి ఉంటావా, ఉండవా' అన్నారు." అతని గొంతు పైకి లేవలేదు. ఒక్కొక్క మాటా రాయి మీద రాయి పెట్టినట్టు పెట్టాడు. "నేను చేశాను. చెయ్యలేదనట్లేదు. నా పేరు కూడా రాసుకోండి. మీరు వద్దురా అన్నారని మాత్రం అనకండి."

శ్రీనివాసరాజు లేచాడు. "వీడి మాటలకి నేను కూచోవాల్సిన పనిలేదు."

"కూచోండి రాజుగారూ," అన్నాడు డి.ఇ. గారు రాసుకోమని గుమాస్తాకి సైగ చేస్తూ. "మీరు ఇంతకుముందు రాసిచ్చినదాని కింద సంతకం పెట్టారు. దాని గురించి ఇంకొన్ని అడగాలి. ఇదంతా జిల్లా పోలీసు అధికారికి పంపిస్తాను."

శ్రీనివాసరాజు కూచున్నాడు. మంచినీళ్లు అడిగాడు. బంట్రోతు తెచ్చేదాకా పెదాలు తడుపుకుంటూ, పంచె మీద లేని నలకని దులుపుకుంటూ ఉండిపోయాడు. గ్లాసు అందుకున్నప్పుడు నీళ్లు తెల్లచొక్కా మీద ఒలికాయి. తబిత కళ్లార్పకుండా చూసింది. ఎన్నో పొద్దులు ఊహించుకున్నది ఎదురుగా జరుగుతోంది. తియ్యగానే ఉంది. తియ్యగా లేదని తనతో తాను అబద్ధమాడుకోలేదు.

"మెమో సంగతి నేను చూసుకుంటానమ్మా," అన్నాడు డి.ఇ. గారు. "మీ ఆయనకి చెప్పండి. ఆయన మీద ఆ మాట ఉండదు."

తబిత రెండు చేతులూ జోడించి బయటికి వచ్చింది.

*

బస్టాండులో రమేష్ బాబు ఆమెకి కాస్త దూరంగా నిలబడ్డాడు. దగ్గరికి రాలేకపోయాడు, వెళ్లిపోనూ లేకపోయాడు. పాపాయి తన స్కూటరు మీద ఎప్పుడో వెళ్లిపోయాడు. పోలీసులు ఎప్పుడు పిలుస్తారో, చెరువుల దగ్గరికి మళ్లీ వెళ్లలేక ఇంకెక్కడికి వెళ్లాలో అతనికి తెలియనట్టుంది.

చివరికి నాలుగడుగులు ఇటు వేసి, "అక్కా, అమ్మకి చెప్పకు," అన్నాడు.

"పొద్దున్నే చెప్పాను. ఫొటో కూడా చూపించే వచ్చాను."

అతను అరుగు మీద కూలబడ్డాడు. "ఏమంది?" అన్నాడు.

తబిత బస్సు వచ్చే వైపు చూసింది. ఫొటో చేతిలో పెట్టగానే తల్లి జ్ఞానమ్మ దాన్ని దూరంగా పట్టుకుని చూసింది, మళ్లీ దగ్గరగా పట్టుకుని చూసింది. ఏడవలేదు. కొడుకుని ఒక్క మాటైనా అనలేదు. కూతురు గుమ్మం దిగుతుంటే మాత్రం ఒక కబురు చెప్పి పంపింది. దాన్ని వీడికి అందించకూడదని తబిత వచ్చేటప్పుడు బస్సులోనే నిశ్చయించుకుంది. కబురు అందకపోతే వీడు ఆ గడప ఎక్కడు. ఎక్కకుండా పోతేనే వీడికి పడాల్సిన శిక్ష పడుతుంది. రాజుగారికి కోర్టులున్నాయి. వీడికి ఇది.

పెనుగొండ బస్సు వచ్చింది. జనం తోసుకున్నారు. తబిత మెట్టెక్కి కడ్డీ పట్టుకుంది. వెనక్కి చూడకూడదనుకుంటూనే తిరిగింది. రమేష్ బాబు లేచి నిలబడి ఉన్నాడు. అడిగిన మాట మళ్లీ అడిగే ధైర్యం లేక ఊరికే చూస్తున్నాడు.

"చీకటి పడకుండా ఇంటికి రమ్మంది," అంది తబిత. "నీకు అన్నం ఉంచుతానంది."

"నువ్వు?" అన్నాడు అతను.

"నేనేమీ అనలేదు. అది అమ్మ మాట."

కండక్టరు విజిలు వేశాడు. తబిత లోపలికి నడిచి, అతను నిలబడ్డ వైపు సీటు ఖాళీగా ఉన్నా కూచోకుండా, అవతలి వైపు కిటికీ దగ్గర కూచుంది.